యాప్ పేర్లు మారతాయి, మీ నంబర్లు మారవు

నంద్యాలలో సొంత ఇల్లున్న మనిషి ఈ పదిహేనేళ్లలో ఎన్ని పేర్లు నేర్చుకోవాల్సి వచ్చిందో చూడండి. 2011 నవంబరులో మీసేవ మొదలైంది. 2015, 2016 ప్రాంతంలో రాష్ట్రంలోని 110 మున్సిపాలిటీల పన్నులు, నీటి చార్జీలు, ఫిర్యాదులు ఒకే ఆన్‌లైన్ పద్ధతిలోకి వచ్చాయి. ఆ పద్ధతితోనే పురసేవ అనే యాప్ వచ్చింది. చెత్త గురించి చెప్పుకోవడానికి కేంద్రం 2016లో స్వచ్ఛత యాప్ తెచ్చింది, మరుసటి ఏడాది ఉమంగ్ తెచ్చింది. 2019 అక్టోబరు 2న వార్డు సచివాలయాలు తెరుచుకున్నాయి. 2025 జనవరి 30న వాట్సాప్‌లో మన మిత్ర మొదలైంది. తర్వాత మున్సిపాలిటీల కోసం పురమిత్ర వచ్చింది. ఇక అర్జీలు తీసుకునే చోటికైతే మీకోసం, స్పందన, జగనన్నకు చెబుదాం, ప్రజా సమస్యల పరిష్కార వేదిక అంటూ పేరు మారుతూనే వచ్చింది. నడుమ 2022 ఏప్రిల్ 4న జిల్లా పేరే మారిపోయింది. పాత రికార్డుల్లో మీ ఊరు ఇంకా కర్నూలు జిల్లా కింద కనిపించవచ్చు కాబట్టి ఎక్కడైనా దొరక్కపోతే అక్కడ కూడా వెతకండి.

ఇన్ని పేర్లు విన్నాక మనిషికి విసుగు పుట్టడం సహజం. "మళ్లీ కొత్త యాపా సార్, పాతదే రాదు మాకు" అని ఆళ్లగడ్డలో ఒక అంగడి యజమాని అంటే అది సోమరితనమని నేననుకోను. నేర్చుకున్నది నాలుగేళ్లకే పనికిరాకుండా పోతుంటే, మళ్లీ నేర్చుకోవడానికి మనసు ఒప్పుకోదు. అందుకే ఈ అధ్యాయంలో ఏ యాప్‌లో ఏ బొత్తాం ఎక్కడుందో చెప్పడం లేదు. ఈ పుస్తకం మీ చేతికి వచ్చేసరికి ఆ బొత్తాం ఇంకోచోటికి పోయి ఉంటుంది. ఇన్ని మార్పుల్లోనూ మారనివి కొన్ని ఉన్నాయి. యాప్ మారిందని మీ ఇంటి అసెస్‌మెంట్ నంబరు మారదు. కరెంటు మీటరు సర్వీస్ నంబరు మారలేదు. మీరు పెట్టిన ఫిర్యాదుకు వచ్చిన నంబరు, దాని తేదీ మారవు. ఇవి మీ దగ్గరుంటే ఏ యాప్ వచ్చినా పది నిమిషాల్లో పట్టుబడుతుంది. ఇవి లేకపోతే ఎంత మంచి యాప్ అయినా మొదటి పేజీలోనే మిమ్మల్ని ఆపేస్తుంది.

ఒక కాగితం రాసుకోండి

ఫోన్ పక్కన పెట్టి ముందు ఒక తెల్ల కాగితం తీసుకోండి. ఇంటి పన్ను రసీదు వెతికి దాని మీదున్న అసెస్‌మెంట్ నంబరు రాయండి. మున్సిపల్ కొళాయి ఉంటే ఆ కనెక్షన్ నంబరు రాయండి. కరెంటు బిల్లు మీద 13 అంకెల సర్వీస్ నంబరు ఉంటుంది, అదీ రాయండి. మనది తిరుపతి కేంద్రంగా ఉన్న దక్షిణ డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) పరిధి. యాప్‌లో డిస్కం పేరు ఎంచుకునేటప్పుడు చాలామంది ఇక్కడే తడబడతారు, అందుకని ఆ పేరు కూడా పక్కనే రాసుకోండి. రేషన్ కార్డు నంబరు, మీ వార్డు సచివాలయం పేరు, అది ఉన్న వీధి కూడా చేర్చండి. ఆధార్ నంబరు మాత్రం ఈ కాగితం మీద రాయకండి. దాన్ని గోడకు అంటించాల్సిన అవసరం లేదు.

చివరి వరసలో, మీ ఆధార్‌కు ఏ ఫోన్ నంబరు ముడిపడి ఉందో రాయండి. చాలా ఇళ్లలో పని ఆగిపోయేది ఈ వరస దగ్గరే. ఆ నంబరు హైదరాబాదులో ఉద్యోగం చేసే కొడుకుది కావచ్చు, కువైట్ వెళ్లిన అల్లుడిది కావచ్చు, ఎప్పుడో రీచార్జి మానేసిన పాత సిమ్ కావచ్చు. మూడు నెలలకు పైగా వాడకుండా వదిలేసిన సిమ్‌ను కంపెనీ ఆపేసి, కొంతకాలానికి అదే నంబరును వేరే మనిషికి అమ్మేయవచ్చు. అప్పుడు మీ ఓటీపీ ముక్కూ మొహం తెలియని వాళ్ల ఫోన్‌లో మోగుతుంది. కాబట్టి యాప్ కంటే ముందు చేయాల్సిన పని ఇది. ఆధార్ కేంద్రానికి పోయి, ఇంట్లో రోజూ మీ చేతిలో ఉండే ఫోన్ నంబరును ముడిపెట్టించుకోండి. కొద్దిపాటి రుసుము, ఒక పూట సమయం పడుతుంది. సగం భయం అక్కడే తీరిపోతుంది.

కాగితం పూర్తయ్యాక దాని ఫొటో తీసి ఫోన్‌లో పెట్టుకోండి. అసలు కాగితాన్ని బీరువా తలుపు లోపలివైపు అంటించండి. ఫోన్ పోయినా, పాడైనా కాగితం ఉంటుంది.

పని ఎవరి ఫోన్‌లో ఉంది?

2019 ఆగస్టు 15న వలంటీర్ల వ్యవస్థ మొదలైంది. పల్లెల్లో సుమారు 50 ఇళ్లకు ఒకరు, పట్టణాల్లో అంతకంటే కొన్ని ఇళ్లు ఎక్కువ. పింఛను ఇంటి గుమ్మం దగ్గరికే వచ్చింది. మంచం మీదున్న వాళ్లకు, నడవలేని వాళ్లకు అది ఎంత మేలు చేసిందో కాదనలేం. కానీ ఆ అయిదేళ్లలో ఇంకొకటి జరిగింది. మన దరఖాస్తు, మన వేలిముద్ర, మన ఓటీపీ అన్నీ వేరొకరి ఫోన్‌లో నడిచాయి. స్మార్ట్‌ఫోన్ ఇంట్లో ఉన్నా అది వీడియోలకే పరిమితమైంది. 2024లో ఎన్నికల వేళ ఆ వ్యవస్థ ఆగి, తర్వాత పింఛన్లు సచివాలయ ఉద్యోగుల చేతికి మారాక, "ఇప్పుడు ఎవర్ని అడగాల?" అనే ప్రశ్న ప్రతి వీధిలో వినిపించింది. ఏ పథకం ఎవరు పెట్టారు, ఎవరు తీశారు అనే చర్చ వేరే చోట చేసుకుందాం. ఇక్కడ నాకు ముఖ్యమైంది ఆ ప్రశ్నే. మన పని మనకు తెలియకుండా నడిస్తే, నడిపే మనిషి లేని రోజున మనం మొదటి మెట్టు దగ్గరే నిలబడి ఉంటాం.

నెట్ సెంటర్ల విషయంలోనూ ఇంతే. వాళ్లకు డబ్బిచ్చి పని చేయించుకోవడంలో తప్పేమీ లేదు. వాళ్లదీ ఒక బతుకుదెరువే, పైగా క్లిష్టమైన దరఖాస్తుల్లో వాళ్ల అనుభవం బాగా పనికొస్తుంది. కాకపోతే తిరిగి వచ్చేటప్పుడు రెండు చూసుకోండి. దరఖాస్తులో రాసింది మీ ఫోన్ నంబరేనా? దరఖాస్తు నంబరున్న రసీదు మీ చేతికి వచ్చిందా? పని తొందరగా అవ్వాలని చాలా సెంటర్లలో తమ సొంత నంబరే వేసేస్తుంటారు. అప్పుడు మీ పని ఎంతదాకా వచ్చిందో తెలిపే మెసేజ్‌లన్నీ అక్కడికే పోతాయి, మీరు మళ్లీ మళ్లీ వెళ్లి అడగాల్సి వస్తుంది.

అవసరం ఉంటే మన జనం ఎంత తొందరగా నేర్చుకుంటారో 2024 జులైలో చూశాం. రిజర్వ్ బ్యాంకు కొత్త నిబంధన వల్ల ఫోన్‌పే, గూగుల్ పే లాంటి వాటిలో కరెంటు బిల్లు కట్టడం కొన్నాళ్లు ఆగింది. డిస్కంలు తమ సొంత యాప్‌లో కట్టమన్నాయి. అంతకుముందు ఆ యాప్ పేరు కూడా వినని వాళ్లు పక్కింటి వాళ్లను అడిగి, మనవణ్ని కూర్చోబెట్టుకుని దాన్ని వేసుకుని కట్టేశారు. వారం రోజుల్లో అది మామూలు విషయమైపోయింది. చదువు తక్కువ, వయసు ఎక్కువ అని మనం మనకు చెప్పుకునే కారణాలు ఆ వారంలో నిలబడలేదు.

మొదటి పనిగా ఇంటి పన్ను

ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగితే ఇంటి పన్నుతో అంటాను. ముందు కట్టకండి, ఊరికే చూడండి. పురపాలక శాఖ వెబ్‌సైట్‌లోగానీ, మున్సిపల్ యాప్‌లోగానీ, మన మిత్రలోగానీ అసెస్‌మెంట్ నంబరు కొడితే యజమాని పేరు, బకాయి కనిపిస్తాయి. చూసినంత మాత్రాన రూపాయి పోదు, ఎవరి దగ్గరా తప్పు చేసినట్టు కాదు. ఈ మాట ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. యాప్ తెరవడానికి భయపడే వాళ్లలో ఎక్కువమంది, ఏదో నొక్కితే డబ్బు పోతుందనే భయపడతారు. డబ్బు లేని చోట చేయి తిప్పడం నేర్చుకుంటే ఆ భయం పోతుంది.

మన మిత్ర ఇందుకు తేలిక. కొత్తగా ఏదీ డౌన్‌లోడ్ చేయనక్కర్లేదు. 95523 00009 నంబరు సేవ్ చేసుకుని వాట్సాప్‌లో హాయ్ అని పంపితే తెలుగులోనే జాబితా వస్తుంది. 2024 అక్టోబరులో మెటా సంస్థతో రాష్ట్ర ప్రభుత్వం ఒప్పందం చేసుకుంది, మరుసటి జనవరిలో 161 సేవలతో ఇది మొదలైంది. ఆ ఏడాది ఇంటర్ పిల్లల హాల్ టికెట్లు ఇందులో కూడా వచ్చాయి. ఇంట్లో ఇంటర్ చదివే పిల్ల ఉంటే, ఆ ఇంట్లో దీన్ని వాడిన మనిషి ఉన్నట్టే. ఆమెను పిలిచి ఇంటి పన్ను చూపించమనండి.

ఇక లెక్క. ఇంటి పన్ను ఏడాదికి రెండు అర్ధ సంవత్సరాలుగా వస్తుంది, ఏప్రిల్ నుంచి సెప్టెంబరు వరకు ఒకటి, అక్టోబరు నుంచి మార్చి వరకు ఇంకొకటి. ఏడాది పన్ను మొత్తం ఏప్రిల్ 30లోపు కట్టేస్తే 5 శాతం తగ్గింపు ఇస్తారు. గడువు దాటి ఆపితే నెలకు 2 శాతం వడ్డీ పడుతుంది. మీ పన్ను ఏడాదికి 4,000 రూపాయలనుకోండి. ఏప్రిల్‌లో కడితే 200 మిగులుతాయి. ఒక అర్ధ సంవత్సరం 2,000 ఆపితే నెలకు 40 చొప్పున పెరుగుతుంది. కొన్ని సంవత్సరాల్లో మార్చి చివర ప్రభుత్వం బకాయి వడ్డీలో కొంత మాఫీ ప్రకటిస్తుంటుంది. దాని కోసం కాచుకుని కూర్చోవడం నాకు నచ్చదు. ఏ ఏడాది ఇస్తారో ఎవరూ ముందు చెప్పరు, ఏప్రిల్ తగ్గింపు మాత్రం చేతిలో ఉంది.

2021 ఏప్రిల్ నుంచి పన్ను లెక్క అద్దె విలువ మీద కాకుండా ఆస్తి విలువ మీద వేస్తున్నారు. పెంపు ఏడాదికి 15 శాతానికి మించకూడదని కట్టుబాటు పెట్టారు. మీ పన్ను అంతకంటే ఎక్కువ పెరిగినట్టు కనిపిస్తే, పాత రసీదు, కొత్త డిమాండు రెండింటి స్క్రీన్‌షాట్లు తీసుకుని సచివాలయానికి వెళ్లండి. చేతిలో రెండు అంకెలు పెట్టుకుని మాట్లాడే మనిషికి జవాబు కూడా అంకెల్లోనే వస్తుంది.

ఆళ్లగడ్డలో రాతి శిల్పాలు చెక్కే కుటుంబాలకు ఇది ఇంకాస్త ముఖ్యం. ఇంటి ముందే కార్ఖానా, అందులోనే కోత యంత్రం, ఇంటికొక కరెంటు మీటరు, పనికొకటి. విగ్రహాలు కొనడానికి తమిళనాడు నుంచి, కర్ణాటక నుంచి మనుషులొస్తారు, బేరం ఫోన్‌లోనే సగం తెగుతుంది, డబ్బు ఫోన్‌లోనే పడుతుంది. ఆ చేతికి యాప్ కొత్త కాదు. కానీ ట్రేడ్ లైసెన్సు, పన్ను, మీటరు నంబర్లు మూడు వేర్వేరు పేర్ల మీద, తాత పేరున ఒకటి, అన్న పేరున ఒకటి ఉండిపోతుంటాయి. బ్యాంకు అప్పు కోసం వెళ్లిన రోజున ఆ చిక్కు బయటపడుతుంది. అవసరం పడక ముందే ఒక సాయంత్రం కూర్చుని ఏ నంబరు ఎవరి పేరున ఉందో చూసి పెట్టుకోవడం మంచిది.

ఫిర్యాదు రాయడం ఒక విద్య

2019 సెప్టెంబరులో కుండపోత వానలకు కుందూ, మద్దిలేరు, చామకాలువ పొంగి నంద్యాలలో లోతట్టు కాలనీలు మునిగాయి. మహానంది ఆలయంలోకి కూడా నీళ్లొచ్చాయి. అంత వాన పడితే ఏ ఊరైనా తట్టుకోవడం కష్టమే. అయితే వీధిలోకి వచ్చిన నీళ్లు పోవడానికి పూట పడుతుందా, నాలుగు రోజులు పడుతుందా అనేది మన సైడు కాలువ పూడిక మీద ఆధారపడి ఉంటుంది. ఆ పూడిక తీయాల్సింది మే, జూన్ నెలల్లో. నీళ్లు గుమ్మంలోకి వచ్చాక పెట్టే ఫిర్యాదు గొంతు చించుకున్నట్టే ఉంటుంది, పని మాత్రం జరగదు. ఎండలో కాలువ ఎండిపోయి, ప్లాస్టిక్ కవర్లతో నిండి, ఎవరికీ పట్టని రోజున పెట్టిన ఫిర్యాదుకే ఫలితం ఎక్కువ. ఆళ్లగడ్డలో వక్కిలేరు వైపు ఉన్న వీధులకూ ఇదే మాట.

ఫిర్యాదు ఎలా రాయాలి? చాలామంది ఇలా రాస్తారు: "మా వీధిలో కాలువ సమస్య ఉంది. దయచేసి పరిష్కరించగలరు." ఇది చదివిన ఉద్యోగి ఎక్కడికి పోవాలి? ఏ పనిముట్టు తీసుకుపోవాలి? ఇప్పుడిది చూడండి: "నూనెపల్లె, ఫలానా వీధి, రామాలయం ఎదురుగా, ఫలానా నంబరు కరెంటు స్తంభం దగ్గర సైడు కాలువ పూడిపోయింది. మూడు రోజులుగా మురుగు రోడ్డు మీదికి వస్తోంది. పక్కనే అంగన్‌వాడీ ఉంది." ఎక్కడ, ఏమిటి, ఎప్పటినుంచి, ఎవరికి కష్టం అన్న నాలుగూ అందులో ఉన్నాయి. టైపు చేయడం కష్టమైతే కీబోర్డు మీదున్న మైకు బొమ్మ నొక్కి తెలుగులో మాట్లాడండి, అదే రాసిపెడుతుంది. ఊళ్ల పేర్లు తప్పు పడితే అవి మాత్రం సరిదిద్దుకోండి.

ఫొటోలు రెండు తీయండి. ఒకటి దగ్గరనుంచి సమస్య కనిపించేలా, ఒకటి దూరంనుంచి గుడో అంగడి బోర్డో కనిపించేలా. ఫొటో తీసిన చోట నిలబడే ఫిర్యాదు పంపండి. ఇంటికొచ్చి తీరిగ్గా పంపితే కొన్ని యాప్‌లు మీ ఇంటి లొకేషన్ తీసుకుంటాయి. సిబ్బంది మీ ఇంటి ముందుకొచ్చి, అక్కడ ఏమీ లేదని చూసి, ఫిర్యాదు మూసేసి వెళ్తారు. ఒక ఫిర్యాదులో ఒకే సంగతి పెట్టండి. వీధి లైటు, కుక్కలు, కాలువ, కొళాయి అన్నీ కలిపి రాస్తే అది ఏ విభాగానికి పోవాలో తెలియక మధ్యలో నిలిచిపోతుంది. సచివాలయంలో చెత్త, కాలువ శుభ్రం చూసే శానిటేషన్ కార్యదర్శి వేరు. నీళ్లు, లైట్లు, రోడ్లు చూసే ఎమినిటీస్ కార్యదర్శి వేరు. పన్నుల సంగతి అడ్మిన్ కార్యదర్శి చూస్తారు, కట్టడాల సంగతి ప్లానింగ్ కార్యదర్శి చూస్తారు. ఈ తేడా తెలిసిన మనిషి ఫిర్యాదు నేరుగా చేరాల్సిన చోటికి చేరుతుంది. ఇంకొక మాట, పని చేస్తున్న పారిశుద్ధ్య కార్మికుల ముఖాలు ఫొటోల్లో పెట్టకండి. కాలువ పూడటానికి కారణం వాళ్లు కాదు, అందులో కవర్లు వేసిన చేతులు వేరే ఉన్నాయి.

పంపగానే ఒక నంబరు వస్తుంది. అప్పటికప్పుడు స్క్రీన్‌షాట్ తీసి ఇందాకటి కాగితం మీద కింది భాగంలో తేదీతో రాయండి. నంద్యాల మార్కెట్ యార్డుకు ధాన్యం తెచ్చిన రైతు కాటా చీటీ లేకుండా గేటు దాటడు. డబ్బు ఈ రోజు రాకపోవచ్చు, వారానికి రావచ్చు, కానీ చీటీ ఉంటే ఎన్ని బస్తాలు, ఏ తేదీ అన్నది ఎవరూ కాదనలేరు. ఫిర్యాదు నంబరు మీకు ఆ చీటీ. నోటిమాటగా పదిసార్లు చెప్పినా ఎక్కడా కనిపించని కష్టం, నంబరు రావడంతో ఒక రోజు, ఒక సమయం ఉన్న సంగతి అవుతుంది. మున్సిపల్ యాప్‌ల వల్ల సామాన్యుడికి కలిగిన పెద్ద లాభం ఇదేనని నా నమ్మకం. కూర్చున్న చోటనుంచి పని జరగడం రెండోదే.

రెండు మూడు రోజులకు తెరిచి చూడండి. పని జరిగితే జరిగిందని గుర్తు పెట్టండి, వీలైతే ఒక మంచి మాట రాయండి. పని జరగకుండానే "పరిష్కారమైంది" అని కనిపిస్తే కోపంతో యాప్ తీసేయకండి. చాలామంది సరిగ్గా ఈ చోటే విరమించుకుంటారు. ఆ రోజు తేదీతో మళ్లీ ఫొటో తీసి, పాత నంబరు రాసి, తిరిగి తెరవమని అడగండి. తిరిగి తెరిచే వీలు లేకపోతే కొత్త ఫిర్యాదు పెట్టి అందులో పాత నంబరు చేర్చండి.

స్వచ్ఛత యాప్‌లో పక్కింటి వాళ్లు పెట్టిన ఫిర్యాదుకు మీరూ మద్దతు తెలపవచ్చు. ఇంగ్లండ్‌లో 2007లో ఫిక్స్ మై స్ట్రీట్ అని ఒక సైటు మొదలైంది. దాని గొప్పతనం కూడా అదే. ఎవరు పెట్టిన ఫిర్యాదు అయినా ఊరంతా చూడవచ్చు, గుంత ఎక్కడుందో, అది పూడిందో లేదో అందరికీ తెలుస్తుంది. మనకు అంత బహిరంగంగా లేకపోయినా వీధి వాట్సాప్ గ్రూపు ఉంది కదా. పొద్దున్నే శుభోదయం బొమ్మలు పంపే ఆ గ్రూపులోనే ఫిర్యాదు నంబరు పెట్టండి. నలుగురు అదే సంగతి మీద నాలుగు ఫిర్యాదులు పెట్టేకంటే, ఒకే నంబరు పట్టుకుని నలుగురూ అడగడం మేలు.

డౌన్‌లోడ్‌ల గురించి ఒక చిన్న మాట. ఊళ్ల శుభ్రత మీద కేంద్రం పెట్టే స్వచ్ఛ సర్వేక్షణ్ పోటీలో యాప్ వాడకానికి మార్కులుండటంతో దేశంలో చాలా ఊళ్లలో "మీ ఫోన్ ఇవ్వండి, మేమే వేస్తాం" అని సిబ్బంది ఇంటింటికీ తిరిగారు. అలా వేసిన యాప్ ఆ వారమే ఫోన్‌లో చోటు చాలక తొలగిపోతుంది. ఉన్నతాధికారులు ఈ పుస్తకం చదివితే నేను కోరేది ఒకటే, ఎంతమంది డౌన్‌లోడ్ చేశారో లెక్కపెట్టే బదులు రెండో ఫిర్యాదు ఎంతమంది పెట్టారో లెక్కపెట్టండి. మొదటి ఫిర్యాదు ఎవరో చెబితే పెడతారు. రెండోది నమ్మకం కుదిరితేనే పెడతారు.

ఇంట్లో ఎవరు నేర్చుకోవాలి

కొళాయి రాని సంగతి ముందు తెలిసేది ఇంట్లో ఉండే ఆడవాళ్లకు. చెత్త బండి ఏ రోజు రాలేదో వాళ్లకే తెలుసు. ఫోన్ మాత్రం పనికి పోయిన మగవాడి జేబులో ఉంటుంది. సాయంత్రం ఆయన వచ్చేసరికి చెప్పాలనుకున్నది మరుపున పడుతుంది, పడకపోయినా చీకట్లో ఫొటో రాదు. కాబట్టి ఇంట్లో ఒక్కరికే నేర్పే వీలుంటే, పగలు ఇంట్లో ఉండే మనిషికి నేర్పండి.

నేర్పడం అంటే చేసి పెట్టడం కాదని కొందరికి ఎంత చెప్పినా ఎక్కదు. పద్మావతి నగర్‌లో ఒక ఇల్లు ఊహించుకోండి.

"యాడ నొక్కాల్నో తెలీదమ్మా, నువ్వే కట్టేయ్" అంటుంది అత్త.

"నేను ముట్టుకోను అత్తా. నువ్వే నొక్కు, నేను పక్కనే కూచుంటా. తప్పు పోతే వెనక్కి వద్దాం" అంటుంది కోడలు.

ఆ కోడలు చేసింది సరైన పని. ఫోన్ తన చేతిలోకి తీసుకుంటే రెండు నిమిషాల్లో అయిపోయేది. అత్త చేతిలో పావుగంట పట్టింది. కానీ వచ్చే నెల కోడలు పుట్టింటికి వెళ్లినా ఆ ఇంట్లో బిల్లు ఆగదు. నేర్పేటప్పుడు వేలు స్క్రీన్ మీద పెట్టకండి, నోటితోనే చెప్పండి. ఒక రోజు ఒకే పని చాలు. పెద్దవాళ్లు తామే ఒక నోటుపుస్తకంలో తమ మాటల్లో రాసుకుంటే ఇంకా మంచిది. అక్షరాలు పెద్దగా కనిపించేలా ఫోన్ సెట్టింగు మార్చిపెట్టడం మాత్రం మీరే చేయండి, ఆ ఒక్కదానితోనే చాలామందికి ఫోన్ మీద కోపం తగ్గుతుంది.

ఎక్కడ ఆగాలి

మున్సిపాలిటీ పేరుతో, కరెంటు ఆఫీసు పేరుతో వాట్సాప్‌లో ఏపీకే ఫైలు (యాప్‌ను నేరుగా ఫోన్‌లో వేసే ఫైలు) వస్తే తెరవకండి. ట్రాఫిక్ చలానా అని, పీఎం కిసాన్ డబ్బులు అని ఇలాంటి ఫైళ్లు తిరిగి ఎందరివో ఖాతాలు ఖాళీ అయ్యాయి. అసలు యాప్ ప్లే స్టోర్‌లో ఉంటుంది, తయారు చేసిన వాళ్ల పేరు దగ్గర ప్రభుత్వ శాఖ పేరు ఉందో లేదో చూడండి. "ఈ రాత్రి కరెంటు కట్ చేస్తాం, ఈ నంబరుకు ఫోన్ చేయండి" అనే మెసేజ్ వస్తే ఆ నంబరుకు చేయకండి. డిస్కం నంబరు 1912. కస్టమర్ కేర్ నంబరు గూగుల్‌లో వెతికి పట్టుకోవడం కూడా ప్రమాదమే, మీ బిల్లు మీద ముద్రించిన నంబరే సరైనది. డబ్బు తీసుకోవడానికి యూపీఐ పిన్ ఎప్పుడూ అవసరం లేదు. ఒకవేళ మోసపోతే సిగ్గుపడి ఇంట్లో దాచకండి. వెంటనే 1930కి ఫోన్ చేయండి. మొదటి గంటలో చెబితే ఆ డబ్బు ముందుకు పోకుండా ఆపే అవకాశం ఉంటుంది, ఇంట్లో వాళ్లు తిడతారని మరుసటి రోజు దాకా ఆగితే ఆ అవకాశం చాలా తగ్గిపోతుంది. పిల్లలకు కూడా చెప్పేది ఇదే, అమ్మానాన్నలు మోసపోతే ముందు 1930కి ఫోన్ చేయించండి, కోప్పడటం తర్వాత చూసుకోవచ్చు.

యాప్‌తో తీరని పనులు కూడా ఉన్నాయి. తాత పేరున ఉన్న ఇంటిని వారసుల పేరుకు మార్చుకోవడం, పన్ను కొలతలో తేడా, పక్కింటితో గోడ తగాదా, పాప జనన నమోదులో పేరు తప్పు పడటం, ఇలాంటి వాటికి కాగితాలు పట్టుకుని మనిషి ముందు కూర్చోవాల్సిందే. వీటిలో జనన నమోదును తేలిగ్గా తీసుకోకండి. పుట్టిన 21 రోజుల్లోపు నమోదు చేయించాలి. 2023 అక్టోబరు 1 తర్వాత పుట్టిన పిల్లలకు పుట్టిన తేదీ రుజువుగా బడి నుంచి పాస్‌పోర్టు దాకా ఆ సర్టిఫికెట్టే ఆధారం. అక్షరం తప్పు ఉంటే నమోదైన వారంలోనే చూసుకుని దిద్దించుకోండి.

స్మార్ట్‌ఫోన్ లేని వాళ్లు సచివాలయంలో అర్జీ ఇచ్చి నంబరు తీసుకోవచ్చు, 1100కి ఫోన్ చేసి దాని సంగతి కనుక్కోవచ్చు. ఫోన్‌లోనూ సచివాలయంలోనూ జరగనిది ఉంటే సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకుంటారు. నంద్యాల జిల్లా కేంద్రమయ్యాక ఆళ్లగడ్డ వాళ్లు కూడా దానికోసం కర్నూలు దాకా పోనక్కర్లేదు, హైవే మీద గంట ప్రయాణం. అక్కడికి పోయేటప్పుడు నాలుగు పేజీల బాధ రాసుకుపోకండి. సమస్య రెండు వాక్యాల్లో రాసి, కింద మీ ఫిర్యాదు నంబర్లు తేదీల వరసలో పెట్టి, రెండు ఫొటోలు జతచేసి, ఒక జెరాక్స్ మీ దగ్గర ఉంచుకోండి. బల్ల దగ్గర నిలబడినప్పుడు అడగాల్సింది ఒకటే, ఇది ఏ అధికారికి పంపారు, ఏ తేదీలోపు జవాబు వస్తుంది. వాళ్లు చెప్పిన తేదీని కూడా అదే కాగితం మీద వాళ్ల ముందే రాసుకోండి. ఆ తేదీ దాటిపోతే సమాచార హక్కు చట్టం కింద ఆ నంబర్లన్నీ రాసి, వాటి మీద ఏం చర్య తీసుకున్నారో అడగండి. 30 రోజుల్లో రాతపూర్వకంగా జవాబివ్వాలి.